ఐదు గంటల దగ్గర పసుపు చుక్క

కళ్ళ మాస్టారి గదిలో మూడు కుర్చీలుండేవి. చక్రాలున్నది ఆయనది. దానికి ఎదురుగా, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరలో ఉన్నది కన్ను చేయించుకోవడానికి వచ్చినవాళ్ళది. మూడోది ఆయన ఎడమ భుజానికి వెనకగా, కిటికీ పక్కన ఉండేది. అందులో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆయన భార్య కూర్చుంది. ఎనిమిది నెలలుగా ఎవరూ కూర్చోవడం లేదు.

ఆయన చేసేవి పెట్టుడు కళ్ళు. ప్రమాదంలోనో జబ్బుతోనో ఒక కన్ను పోయినవాళ్ళకి, ఉన్న కన్ను చూసి దానికి జోడీ చేసి పెడతాడు. దానివల్ల చూపు రాదు. ఎదుటివాళ్ళు మొహం తిప్పుకోకుండా మాట్లాడతారు, అంతే. ఆ అంతే కోసం ఎంత దూరం నుంచైనా వచ్చేవారు. ముందు మైనంతో అచ్చు తీయాలి. తర్వాత తెల్ల ప్లాస్టిక్కు, దాని మధ్య గోరంత బిళ్ళ మీద రంగులు, ఎర్ర పట్టుదారం పోగులు విడదీసి పరిచిన నరాలు, పైన గాజులాంటి పూత. ఆ మీదట వేడినీళ్ళలో ఉడకబెట్టి, చక్రం మీద నునుపు పట్టాలి. ఇన్నింటిలోనూ కష్టమైంది రంగు. రంగు వేసినంతసేపూ, అంటే గంటో గంటన్నరో, ఎదుటి మనిషి కన్ను కదపకుండా ఒకేచోట చూడాలి.

ఒక కన్ను పోగొట్టుకున్న మనిషి మిగిలిన కంటిని ఎవరో అంత దగ్గరగా గుచ్చిగుచ్చి చూస్తుంటే స్థిమితంగా ఉండగలడా? చూపు చెదురుతుంది, నీళ్ళు తిరుగుతాయి. పని నేర్పిన గురువుగారు గోడకి ఒక మేకు కొట్టి, "దాన్నే చూడండి" అనేవారు. మాస్టారూ మొదట్లో అదే చేశాడు. కానీ మేకును ఎవరు మాత్రం ఎంతసేపు చూస్తారు?

పెళ్ళయిన రెండో ఏడు ఒక మధ్యాహ్నం భార్య కాలేజీ నుంచి తిన్నగా కొట్టుకి వచ్చింది. ఆవిడ పాత భాషలు చెప్పే లెక్చరరు. గ్రీకు, లాటిన్. ఎవరైనా "చచ్చిపోయిన భాషలు కదండీ" అంటే, "చచ్చిపోవడమేంటి, మీ నోట్లోనే కాపురం ఉంటున్నాయి, మీకు తెలీకుండా" అనేది. ఆ రోజు ఎదుటి కుర్చీలో ఉన్న ముసలాయన మేకును చూడలేక అవస్థ పడుతుంటే, ఈవిడ కిటికీ పక్కన కూర్చుని, "నన్ను చూడండి బాబాయ్‌గారూ. లెన్స్ అంటే ఏంటో తెలుసా మీకు?" అంది.

"కళ్ళద్దంలోది కదమ్మా."

"పప్పుగింజ. అచ్చంగా పప్పుగింజే. లాటిన్ వాళ్ళ వంటింట్లో పప్పుని లెన్స్ అనేవాళ్ళు. దాని ఆకారంలో ఉందని గాజుబిళ్ళకీ ఆ పేరే పెట్టేశారు."

ముసలాయన నవ్వాడు. నవ్వుతూ ఆవిడ మొహమే చూస్తూ ఉండిపోయాడు. గంటలో కన్ను పూర్తయింది. ఇంటికెళ్ళేటప్పుడు ఆవిడ అంది: "ఇకనించి మీ మేకు నేనేనండీ."

అలా మొదలైంది. రోజూ మధ్యాహ్నం కాలేజీ అయిపోగానే వచ్చి ఆ కుర్చీలో కూర్చునేది. మాస్టారు బిళ్ళ మీద రంగు మొదలుపెడితే ఆవిడ ఐరిస్ కథ మొదలుపెట్టేది. ఐరిస్ అంటే గ్రీకులో ఇంద్రధనుస్సు. పైన మెరిసే కార్నియా అంటే కొమ్ము, ఎద్దు కొమ్ము. లోపలి రెటీనా అంటే వల, చేపలు పట్టేది. "చూశారా, మీ కంట్లో ఒక పప్పుగింజ, ఒక కొమ్ము, ఒక వల, ఒక ఇంద్రధనుస్సు. ఇంత సంసారం ఉంది లోపల" అనేది. చివర్లో మాస్టారు సన్న కుంచెతో నల్లచుక్క పెట్టేటప్పుడు ఒక కథ ఉండేది. అది ఎప్పుడూ ఆఖర్న వచ్చేది.

కన్ను తీసుకుని వెళ్ళేవాళ్ళకి గుమ్మం దగ్గర ఇంకొక మాట కానుక ఇచ్చేది. వాళ్ళ వాళ్ళ పనికి సంబంధించిన మాట. ప్లంబరుకి, నీ పని పేరులో ఉన్నది సీసం నాయనా అని చెప్పేది, ఒకప్పుడు గొట్టాలు సీసంతో చేసేవాళ్ళు కాబట్టి. ఒక డాక్టరుగారికి, డాక్టరంటే అసలు పాఠం చెప్పేవాడనీ, మందులివ్వడం తర్వాత వచ్చి చేరిందనీ చెబితే, ఆయన "అయితే మీరే నాకన్నా అసలైన డాక్టరు" అన్నాడు. వారం రోజులు ఇంట్లో దాని గురించే గొప్పలు. చెప్పిన మాటల్నీ, చెప్పబోయే మాటల్నీ ఒక పొడుగాటి నోటుపుస్తకంలో రాసుకునేది.

మాస్టారు పెద్దగా మాట్లాడేవాడు కాదు. ఆయన పని చూడటం. ఎదుటి మనిషి కంటిలో నల్లటి నడిబొడ్డున, తడి మెరుపు మీద, కిటికీ తెల్లటి చదరంలా కనబడేది. ఆ చదరంలో నువ్వుగింజంత నీడ. తల, భుజాలు, ఊగే చెయ్యి. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆయన చూసిన ప్రతి కంటిలోనూ ఆవిడ ఉండేది. అలవాటైపోయి, ఉందని కూడా ఆయన ఎన్నడూ అనుకోలేదు.

పదకొండు రోజుల జ్వరంతో ఆవిడ వెళ్ళిపోయింది. నెల తర్వాత కొట్టు తెరిచి, మొదటి మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని కంటిలోకి చూశాడు. కిటికీ ఉంది. కుర్చీ వీపు ఉంది. ఆయన కుంచె కింద పెట్టి, "ఫోన్లో ఫొటో తీసుకుంటానండీ, మీరు వెళ్ళి రండి, రంగు నేను వేసి ఉంచుతాను" అన్నాడు. అప్పట్నుంచీ అదే పద్ధతి. ఫొటో చూడటం, రంగు వేయడం. ఎవరికీ పెద్ద తేడా తెలియలేదు, లేదా తెలిసినా ఆయన మొహం చూసి ఊరుకున్నారు.

ఊరుకోని మనిషి ఒక బస్సు కండక్టరు.

*

ఆమెకి ముప్ఫై నాలుగేళ్ళుంటాయి. మూడు నెలల కిందట బస్సు కిటికీ అద్దం పగిలి కుడికన్ను పోయింది. వాళ్ళక్కని వెంటబెట్టుకుని మొదటిసారి వచ్చినప్పుడు, ఆ అక్క లోపలికి వస్తూనే కిటికీ పక్క కుర్చీ చూసుకుని, "హమ్మయ్య, నాకో సీటు దొరికింది" అంటూ కూర్చోబోయింది.

"అది కాదమ్మా" అన్నాడు మాస్టారు. మరీ గట్టిగా అన్నాడు. తర్వాత మెల్లగా, "అది... వద్దు. బయట బెంచీ ఉంది" అన్నాడు.

అచ్చు తీశాడు, ఫొటో తీశాడు, పంపేశాడు. పది రోజుల తర్వాత ఒక మంగళవారం సాయంత్రం కన్ను పెట్టి ఇచ్చాడు. శుక్రవారం మధ్యాహ్నానికి ఇద్దరూ మళ్ళీ వచ్చారు. ఆమె నల్లకళ్ళజోడు పెట్టుకుని ఉంది.

"నేను చెబుతూనే ఉన్నానండీ, బ్రహ్మాండంగా ఉందే అని. వింటేనా?" అక్క గుమ్మంలోనే మొదలుపెట్టింది. ఆమెకి వీధి చివర టైలరింగు కొట్టు, మెడలో టేపు ఇంకా వేలాడుతూనే ఉంది. "మూడు రోజులుగా అద్దం ముందునుంచి కదలదు. పెళ్ళిచూపుల రోజు కూడా అంతసేపు చూసుకోలేదు."

"నువ్వుండక్కా." కండక్టరు జోడు తీసి, చున్నీ కొసలో ముడేసి తెచ్చిన కన్నుని బల్ల మీద పెట్టింది. "మాస్టారూ, తప్పుగా అనుకోకండి. ఇది చాలా బావుంది. కానీ ఇది నాది కాదు."

"ఎవరి కన్నో ఇచ్చేశారంటుందండీ! కొట్లో కలిసిపోయిందంటుంది. అవేమన్నా గుండీలా, కలిసిపోడానికి?"

"కలిసిపోయిందనలేదు. నాది కాదన్నాను." ఆమె మాస్టారి వైపే తిరిగి మాట్లాడింది. "పొద్దున వెలుతురులో అద్దంలో చూసుకుంటే ఈ పక్కన నేను, ఆ పక్కన ఇంకెవరో నన్ను చూస్తున్నట్టుంది. మంచావిడే. కానీ నేను కాదు. నా కన్ను నలుపు. ఇది తేనెరంగు. పైగా కింద, గడియారంలో ఐదు గంటలు ఉండేచోట, ఒక పసుపు చుక్క ఉంది. నాకు లేదు."

మాస్టారు కన్ను చేతిలోకి తీసుకుని కిటికీ వైపు తిప్పాడు.

తేనెరంగు. అంచున కాస్త పచ్చదనం. ఐదు గంటల దగ్గర ఆవగింజలో సగం పసుపు చుక్క. ఆ చుక్కని ఆయన పెళ్ళయిన మూడో రోజు కనిపెట్టాడు. "నీ కంట్లో పసుపు పడిందోయ్" అంటే ఆవిడ నిజమనుకుని కళ్ళు కడుక్కుంది.

ఫొటో ముందు పెట్టుకునే వేశాడు. పది రోజులు వేశాడు. చెయ్యి తనకి తెలిసిన దారినే పోయింది.

"ఏమైందండీ?" అంది అక్క, ఈసారి గొంతు తగ్గించి.

"తప్పు నాదమ్మా" అన్నాడు ఆయన. "ఇది మా ఆవిడ కన్ను. ఆవిడ పోయి ఎనిమిది నెలలైంది."

అక్క రెండడుగులు వెనక్కి వేసింది. "అంటే... ఆవిడ కన్ను తీసి..."

"రంగు తల్లీ, రంగు! వేసిన రంగు ఆవిడది."

"మరట్లా చెప్పండీ! ప్రాణం పోయింది నాకు." అక్క బెంచీ కోసం వెతుక్కుని, అది బయట ఉందని గుర్తొచ్చి గోడకి ఆనుకుంది. తన మాట తనకే వినబడిందేమో, టేపు కొసని వేలికి చుట్టుకుంది.

కండక్టరు మాత్రం నవ్వలేదు, కోప్పడలేదు. "సోమవారం నా డ్యూటీ మాస్టారూ" అంది. "తెల్లారి ఐదున్నర బస్సు. డిపోలో మేనేజరు మంచివాడే. మంచివాడు కాబట్టే, 'మళ్ళీ జనంలోకెందుకమ్మా, లోపల స్టోరు గదిలో కూర్చో, ఎవరూ చూడరు' అంటున్నాడు. సోమవారం నేను బస్సెక్కకపోతే రూటు వేరేవాళ్ళకి రాసేస్తారు. తర్వాత రిటైరయ్యేదాకా, ఎవరూ చూడని గదిలో ఇరవై ఆరేళ్ళు కూర్చోవాలి. నాకు చూసే జనం కావాలి. నన్ను చూడాలి గానీ, నా మొహంలో ఇంకెవరినో కాదు."

"రేపు పొద్దున తొమ్మిదికి రండి" అన్నాడు మాస్టారు. "ఈసారి ఎదురుగా కూర్చోబెట్టుకునే వేస్తాను. ఆదివారం సాయంత్రానికి పెట్టేస్తాను."

చెప్పి, కిటికీ పక్క కుర్చీ వైపు చూశాడు.

*

గురువుగారి దగ్గర ఒక నియమం ఉండేది. తప్పు కన్ను కొట్లో తెల్లారకూడదు. జోడీ కుదరని కన్నుని ఆ రోజే, తలుపులు వేసేలోపే, రాతిచక్రం మీద అరగదీసేయాలి. ఉంచితే దయ పుడుతుందనేవారు ఆయన. ఇంత కష్టపడ్డాం కదా, ఎవరికో ఒకరికి సరిపోతుందిలే అనిపిస్తుంది. ఎవరికో ఒకరికి అంటగడతాం. మాస్టారు ఇన్నేళ్ళలో ఆ నియమం తప్పలేదు.

సాయంత్రం చక్రం తిప్పాడు. గుర్రుమని శబ్దం చేస్తూ తిరిగింది. కన్ను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని రాయి దగ్గరికి తీసుకెళ్ళాడు. మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. మళ్ళీ తీసుకెళ్ళాడు. చివరికి మీట ఆపేసి, కన్నుని చొక్కా జేబులో వేసుకుని తలుపులకి తాళం పెట్టాడు. కొట్లో కదా తెల్లారకూడదన్నది, ఇంట్లో కాదు కదా అని దారి పొడుగునా తనకి తానే వాదన వినిపించుకున్నాడు. ఆవిడుంటే, "లాయరుగారూ, ఇక చాలు" అనేది.

ఇంట్లో దీపం పెట్టకుండా, ఇంకా కాస్త వెలుతురున్న కిటికీ దగ్గర కూర్చుని కన్ను అరచేతిలో పెట్టుకున్నాడు. చాలా బాగా కుదిరింది. ఇన్నేళ్ళ పనిలో ఇంత బాగా కుదిరిన కన్ను లేదు. ఆ తేనెరంగు ఆయన వైపు చూస్తున్నట్టే ఉంది. ఆయన ఇంకా దగ్గరికి తీసుకున్నాడు. నల్లచుక్క మీద, నున్నటి పూతలో, ఒక ముసలివాడి మొహం కనబడింది. కిటికీ, మొహం. ఎటు తిప్పినా అదే కిటికీ, అదే మొహం. ఆయన కళ్ళు మూస్తే అందులో ఏమీ ఉండదు.

దాన్ని ఆవిడ కళ్ళజోడు పెట్టెలో పెట్టి మూత వేశాడు. తర్వాత అల్మరా తెరిచి, ఎనిమిది నెలలుగా ముట్టుకోని పొడుగాటి నోటుపుస్తకం బయటికి తీశాడు. తెరవలేదు. పొద్దున మర్చిపోకుండా చెప్పుల పక్కన పెట్టుకున్నాడు.

*

శనివారం తొమ్మిదికి ఐదు నిమిషాలుండగానే అక్కాచెల్లెళ్ళు వచ్చారు. మాస్టారు కండక్టరుని ఎదురుగా కూర్చోబెట్టి, రంగులు కలిపి, బిళ్ళ చేతిలోకి తీసుకుని తలెత్తాడు.

ఆమె ఎడమకన్ను నలుపు. లోతుకి పోతే నలుపు కాదు, తడిసిన మట్టిరంగు. అంచు దగ్గర బూడిదరంగు గీత. ఫొటోలో ఇవేవీ లేవు. నడిమధ్య కిటికీ చదరం, అందులో కుర్చీ వీపు. ఖాళీగా.

కుంచె నీళ్ళలో ముంచాడు, తుడిచాడు, మళ్ళీ ముంచాడు.

"ఎటు చూడమంటారు మాస్టారూ?" అంది ఆమె. ఆమె చూపూ నిలవడం లేదు, తలుపు వైపు, గోడ వైపు, ఆయన చెవి వైపు తిరుగుతోంది.

గోడ మీద పాత మేకు లేదు. ఆవిడ వచ్చిన ఏడాదే పీకేశారు.

ఆయన "పెద్దమ్మాయ్" అని పిలిచాడు. అక్క బయట బెంచీ మీదనుంచి తల లోపలికి పెట్టింది. "ఇలా వచ్చి కూర్చోమ్మా. ఆ కుర్చీలో."

"దాంట్లోనా? మొన్న కూర్చోబోతే మీద పాము పడ్డట్టు అరిచారుగా?"

"అరిచాను. ఇప్పుడు కూర్చోమంటున్నాను."

అక్క వచ్చి, కుర్చీని చేత్తో ఒకసారి తట్టి, జాగ్రత్తగా అంచు మీద కూర్చుంది. మాస్టారు నోటుపుస్తకం ఆమె చేతికిచ్చాడు. "ఇందులోవి పైకి చదువమ్మా. చెల్లెలు నిన్నే చూస్తూ ఉంటుంది."

"ఆవిడ రాసిందా?"

"ఆవిడే."

అక్క పుస్తకం పుటలు వేలి కొసతో తిప్పింది, కొత్త పట్టుగుడ్డ ముట్టుకున్నట్టు. చదవడం మొదలుపెట్టింది. మొదటి రెండు పుటలూ బడిలో పాఠం అప్పజెప్పినట్టు చదివింది. మూడో పుటకి అసలు స్వభావం బయటపడింది. "కెమెరా అంటే గది అట. లాటిన్‌లో. గది! నిజమేనే, మన ఫొటో స్టూడియో వాడు మనల్ని చీకటి గదిలోకే తోసేవాడుగా. పెన్ను అంటే ఈక. స్కూలు అంటే... ఇదిగో విను, గ్రీకులో తీరిక అట. తీరిక! మా లెక్కల మాస్టారికి ఎవరైనా చెప్పారా ఈ సంగతి?"

"కదలకు" అన్నాడు మాస్టారు. కండక్టరు నవ్వాపుకుంటోంది. చూపు మాత్రం అక్క మొహం మీద నిలిచింది.

"సర్జన్ అంటే గ్రీకులో చేతిపని చేసేవాడు. మీరూ అదేగదండీ మరి. పేషెంటు అంటే ఓర్చుకునే మనిషి. టైలరు..." అక్క ఆగింది. "టైలరంటే కోసేవాడట. కోయడమేనా? కుట్టడం లేదా? మొత్తం కష్టమంతా కుట్టడంలో ఉంటే, పేరు కత్తెర కొట్టేసిందా?"

"కింద ఏదో రాసి ఉందేమో చూడమ్మా" అన్నాడు మాస్టారు, కుంచె ఆపకుండా. ఆవిడ కింద ఏదో ఒకటి రాయకుండా వదలదని ఆయనకి తెలుసు.

"ఉంది. 'టైలరు వస్తే ఈ మాట చెప్పకూడదు, పోట్లాడతారు' అని రాసుంది." అక్క పకపకా నవ్వింది. మాస్టారూ నవ్వాడు. ఎనిమిది నెలల తర్వాత ఆ గదిలో నవ్వు వినబడటం ఆయన చెవులకే కొత్తగా ఉంది. నవ్వుతూ ఎదుటి కంటిలోకి చూస్తే, కిటికీ చదరంలో నువ్వుగింజంత నీడ ఊగుతోంది. భుజాలు కాస్త వెడల్పు, జుట్టు పైకి ముడివేసి ఉంది. ఆవిడ కాదు. ఆవిడ కాదని చూస్తూనే, చెయ్యి దారి తప్పకుండా, తడిసిన మట్టిరంగుని బిళ్ళ మీద పరిచాడు. కళ్ళు తుడుచుకోవడానికి రెండుసార్లు ఆగాడు. అడగకుండానే ఆ రెండుసార్లూ అక్క చదవడం ఆపి, పుట వెతుకుతున్నట్టు నటించింది.

"నా పనికి మాట లేదా అక్కా?" అంది కండక్టరు.

"ఉండు. క... కాలేజీ... కండక్టరు. దొరికింది. 'కలిపి వెంటబెట్టుకుని దారి చూపే మనిషి.' బస్సు కూడా ఉందే. 'బస్సు అసలు మాట ఆమ్నిబస్. లాటిన్‌లో అందరికీ అని అర్థం. పొడుగైందని ముందు భాగం తీసేసి, తోక మాత్రం మిగిల్చారు. అందరికీ అన్న మాటలో అందరినీ దింపేసి, ఆఖరి కీ అక్షరం ఒక్కదాన్నే ఎక్కించుకుని తిరుగుతున్నాం.'"

కండక్టరు మొహంలో నవ్వు వచ్చి, అక్కడే ఆగింది. "అందరికీ" అంది తనలో తాను.

పదకొండు కావస్తుండగా రంగు పూర్తయింది. ఇక నల్లచుక్క. మాస్టారు అన్నింటికన్నా సన్నని కుంచె తీశాడు. అక్క చదివేది అయిపోయి పుస్తకం మూసింది. కండక్టరు చూపు మళ్ళీ చెదరబోయింది.

"ఈ నల్లచుక్కకి కథ లేదా మాస్టారూ? మిగతా కంటికంతా ఉందిగా."

"పుస్తకంలో లేదు" అన్నాడు ఆయన.

లేకపోవడానికి కారణం ఉంది. ఆ కథ ఆవిడ ఏనాడూ రాసుకోలేదు. రోజూ చెప్పేదాన్ని రాసుకోవడమెందుకు? అది రాసి ఉన్నది ఒక్కచోటే, ఈ చక్రాల కుర్చీలో కూర్చున్న మనిషి చెవుల్లో. ఆయన దాన్ని ఎన్నడూ పైకి చెప్పలేదు. చెప్పకపోతే అది ఇక్కడితో ఆగిపోతుంది.

"లాటిన్‌లో దీన్ని పుపిల్లా అంటారు" అన్నాడు. "అంటే చిన్నపిల్ల. బొమ్మ అని కూడా. ఎందుకంటే... ఎదుటివాళ్ళ కంట్లోకి దగ్గరగా చూస్తే మనం బొమ్మంతగా కనిపిస్తాం. గ్రీకువాళ్ళు కూడా ఆడపిల్ల అనే అన్నారు. మనం కంటిపాప అన్నాం. ఆవిడ... మా ఆవిడ ఇక్కడికొచ్చి ఆగేది. 'చూడండి, ఇంత దూరం దూరం మనుషులు, ఎవరి భాష వాళ్ళది. అందరూ ఎవరో ఒకరి కంట్లోకి ఇంత దగ్గరగా చూసినవాళ్ళే' అనేది. అని, నన్ను చుక్క పెట్టమనేది."

ఆయన చుక్క పెట్టాడు.

అక్క లేచి వెళ్ళేటప్పుడు, తను కూర్చున్న కుర్చీని ముందున్నచోటే, ఒక్క అంగుళం తేడా లేకుండా జరిపి పెట్టింది.

ఆ సాయంత్రం, కొత్త కన్ను వేడినీళ్ళలో ఉడుకుతుండగా, మాస్టారు ఇంటినుంచి తెచ్చుకున్న కళ్ళజోడు పెట్టె తెరిచాడు. చక్రం తిప్పాడు. ఈసారి వెనక్కి తీసుకోలేదు. ముందు మెరుపు పోయింది. తర్వాత ఎర్ర పోగులు, తర్వాత తేనెరంగు. పసుపు చుక్క అన్నింటికన్నా లోపలి పొరలో వేశాడు కాబోలు, ఆఖరిదాకా ఉంది. అది కూడా పోయాక మీట ఆపి, తడిగుడ్డతో బల్ల తుడిచి, గుడ్డని చాలాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. ఆదివారం సాయంత్రం కన్ను పెట్టించుకుని, అద్దంలో చూసుకుని, కండక్టరు ఒకటే మాట అంది: "ఆఁ. నేనే."

*

సోమవారం ఐదున్నర బస్సుకి మాస్టారు స్టాపులో నిలబడ్డాడు. వెళ్ళాల్సిన చోటేమీ లేదు. ఎక్కేసరికి ముందు సీటు దగ్గర ఒక లావుపాటాయన కండక్టరు మొహంలో మొహం పెట్టి పోట్లాడుతున్నాడు. నిన్న బస్సు ఎందుకు ఆపలేదని. "నిన్న నేను లేనండీ బాబూ, నా మీద అరుస్తారేంటి?" అని ఆమె కూడా తగ్గకుండా అరుస్తోంది. ఆయన ఆమె రెండు కళ్ళల్లోకీ చూస్తూనే తిట్టాడు. ఒక్కసారి కూడా చూపు పక్కకి తిప్పుకోలేదు. ఆమె మొహం వెలిగిపోతోంది.

మాస్టారిని చూసి తల ఆడించింది, అంతే. పని మీద ఉంది.

ఆయన కిటికీ పక్క సీటులోకి జరిగాడు. అలవాటు కొద్దీ చేతిసంచీని పక్క సీటులో పెట్టాడు, ఎప్పుడూ ఆవిడ ఎక్కేలోపు పెట్టినట్టే. రెండో స్టాపులో బస్సు నిండింది. చేతిలో పిల్లతో ఒకామె ఆ సీటు దగ్గరికొచ్చి ఆగింది.

"ఎవరైనా ఉన్నారాండీ ఇక్కడ?"

మాస్టారు సంచీ వంక చూశాడు. తర్వాత దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఎవరూ లేరమ్మా" అన్నాడు. "కూర్చో."